కాపలా అంకె

యూనివర్సిటీ వెనక గేటుకు ఎదురుగా, నాలుగు మెట్లు దిగి వెళ్ళే గది అది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆ గదిలో ఒకే బల్ల, ఒకే కుర్చీ, ఒకే మనిషి. మనిషిని అందరూ టైపు మాస్టారు అంటారు. కుర్చీకి మూడుసార్లు కాళ్ళు మార్చారు. మాస్టారికి కళ్ళద్దాలు తప్ప మార్చిందేమీ లేదు.

ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాడాయన. ఆ మాట ఎవరూ అడక్కముందే ఆయనే చెబుతాడు. చెప్పి, వినేవాడు జాలిపడేలోగా మిగతావి ఏకరువు పెడతాడు. టైపు హయ్యరు పరీక్షలో మొదటి తరగతి. పరీక్ష పెట్టినాయన ఆ కాగితం ఎత్తి కిటికీ వెలుగుకు అడ్డంగా పట్టుకుని చూశాడు, ఎక్కడైనా చెరిపిన మచ్చ ఉందేమోనని. లేదు. ఆపైన ఆరువందల పన్నెండు సిద్ధాంత గ్రంథాలు. మొదటి రెండొందలూ మిషను మీద, తర్వాతవి కంప్యూటరు మీద. వృక్షశాస్త్రం నుంచి తత్వశాస్త్రం దాకా ఆయన టైపు చెయ్యని శాస్త్రం లేదు, ఆయనకు అర్థమైన శాస్త్రమూ లేదు. ఆ రెండో సంగతి కూడా ఆయనే చెప్పుకుని నవ్వేవాడు.

కానీ పాదసూచికలు, గ్రంథసూచి దగ్గరికొస్తే ప్రొఫెసర్లు సైతం ఆయన ముందు చేతులు కట్టుకోవలసిందే. ఇంటిపేరు, కామా, అసలు పేరు, చుక్క. పుస్తకం పేరు కింద గీత. అచ్చయిన ఊరు, ప్రచురించినవారు, ఏడాది, పేజీ. వెంటనే మళ్ళీ అదే పుస్తకమైతే ‘పైదే’. నడుమ ఇంకోటి దూరితే ‘పైదే’ అనకూడదు, మళ్ళీ పేరు చెప్పాలి. ఒక పెద్ద సైన్సు ప్రొఫెసరు ఇచ్చిన జాబితాలో ఇద్దరు రచయితలనుకున్నవాళ్ళు నిజానికి ఒక్కరేననీ, ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక పడిందనీ పట్టుకున్నది మాస్టారే. ఆ తర్వాత ఆ ప్రొఫెసరు తన శిష్యులకు, “ముందు వెనక గేటుకెళ్ళి జాబితా రాయడం నేర్చుకునిరా, తర్వాత నా దగ్గరికి రా” అనేవాడట.

తన బల్ల దాటి ఒక్క తప్పు బయటికి పోలేదు. అదీ ఆయన ఆస్తి. ఇంకో ఆస్తి లేదు.

ఆ ఆస్తిలో సగం భార్యది. బల్లకు అవతల పొట్టి స్టూలు వేసుకుని, రాతప్రతి పట్టుకుని ఆమె పైకి చదివేది. ఆయన టైపు చేసిన కాగితంతో సరిచూసుకునేవాడు. కామా వస్తే ఆమె గొంతు కాస్త వంగేది. చుక్క వస్తే బల్ల మీద గోటితో టక్కుమనిపించేది. అంకెలను విడివిడిగా చదివేది. నూట ఏడు అనేది కాదు. ఒకటి, సున్నా, ఏడు. ముప్ఫై నాలుగేళ్ళు అలా చదివింది.

ఎనిమిది నెలల కిందట ఒక మధ్యాహ్నం, ఒక పేజీ మధ్యలో, “ఉండండి, కాసేపు నడుం వాల్చి వస్తా” అని లేచి, తాము కాపురముండే లోపలి గదిలోకి వెళ్ళింది. మళ్ళీ లేవలేదు.

మాస్టారు ఏడవలేదు. ఏడవలేదని నలుగురూ చెప్పుకున్నారు. వారం తిరక్కుండా కొట్టు తీశాడు. స్టూలు ఉన్నచోటే ఉంది. చాలా ఏళ్ళుగా ఆయన కుడి చూపుడువేలి కొస తిమ్మిరెక్కి ఉండేది. వేడి గ్లాసు పట్టుకున్నా ఆ వేలికి తెలిసేది కాదు. ఇప్పుడా తిమ్మిరి ఒళ్ళంతా పాకింది. తింటున్నాడు, పడుకుంటున్నాడు, కామాలు పెడుతున్నాడు. తన ఘనకార్యాలు ఇప్పటికీ చెబుతాడు, ఎవరిదో సామాను జాబితా చదివినట్టు. నవ్వాల్సిన చోట నవ్వడు. అంతే తేడా.

పక్క గదిలో బైండింగు చేసేది ఆమె తమ్ముడు. అట్టలాయన అంటారు. జిగురు గిన్నె ఆరుతుందేమో గాని ఆయన నోరు ఆరదు. అట్టలాయనకు ఒక్కతే కూతురు. మేనత్త ఒళ్ళో కూర్చుని, గ్రంథసూచులు వింటూ అక్షరాలు నేర్చుకున్న పిల్ల. ఇప్పుడు ఆ పిల్లే ఆరేళ్ళుగా పరిశోధన చేసి, పాత కాలపు బావుల మీద సిద్ధాంత గ్రంథం ఇచ్చింది. మేనత్త పోయిన నెలకే గడువు కావడంతో చివరి జాబితాను మాస్టారు ఒక్కడే కూర్చుని చూశాడు. చదివేవాళ్ళు లేరు. కామా కామా దగ్గరుందా, చుక్క చుక్క దగ్గరుందా, అంతవరకే చూశాడు.

ఆ రోజు పొద్దున పదకొండింటికి మేనకోడలు మెట్లు దిగి వచ్చింది. చేతిలో కవరు.

“మావయ్యా, పని ఆపు.”

“ఆపే ఉన్నాను. చెప్పు.”

“నా వైవా ఆపేశారు.”

ఆయన చెయ్యి చాచాడు. ఆ పిల్ల ఇవ్వలేదు, తనే చదివింది. బయటినుంచి పరీక్షించినాయన పంపిన నివేదిక అది. రెండు పేజీలు మెచ్చుకుని, మూడో పేజీలో మెడ పట్టుకున్నాడు. ‘మూడో అధ్యాయం, పదిహేడో పాదసూచిక. ఇక్కడ ఉదహరించిన వాక్యం ఒక సర్వే ఇంజనీరు బావుల గురించి రాసిన పాత పుస్తకంలో 214వ పేజీలో ఉన్నట్టు చూపారు. ఆ పుస్తకం నా దగ్గర ఉంది. అందులో ఉన్నవే 186 పేజీలు. పరిశోధకురాలు ఈ పుస్తకాన్ని అసలు చూశారా? సంతృప్తికరమైన జవాబు వచ్చేవరకు మౌఖిక పరీక్ష జరపరాదు.’

ఇంతలో అట్టలాయన జిగురు చేతులతోనే గుమ్మంలోకి వచ్చాడు. “ఎన్ని పేజీలు తక్కువయ్యాయట? తెమ్మను, కుట్టేసి ఇస్తాను. నా చేతిలో పని.”

“నాన్నా, నువ్వు కాసేపు ఊరుకుంటావా?”

“ఊరుకుంటే జిగురు గడ్డకడుతుందమ్మా. సరే, ఊరుకున్నా.”

మాస్టారు అడిగాడు. “పుస్తకం చూశావా?”

“లేదు మావయ్యా. ఇక్కడి లైబ్రరీలో లేదు. ముందటి థీసిస్‌లో ఆ వాక్యం ఉంది, పేజీ ఉంది, అదే తీసుకుని…”

“తీసుకుని, నువ్వే పుస్తకం చూసినట్టు వేశావు.”

“అందరూ అలాగే వేస్తారు.”

“వేస్తారు. ఆరొందల పన్నెండు టైపు చేసినవాణ్ణి, నాకు తెలీదూ? చూసింది థీసిస్ అయితే థీసిస్ పేరు చెప్పాలి. ‘ఫలానా గ్రంథంలో ఉదహరించినది’ అని వెయ్యాలి. ఒక్క పంక్తి ఎక్కువవుతుంది, అంతే.”

“ఆ పంక్తికే ఇప్పుడు ఆరేళ్ళూ పోయేట్టున్నాయి.”

అది నిజమే. ఈ నెలాఖరుతో ఆమె రిజిస్ట్రేషను గడువు ముగుస్తుంది. ఈలోగా వైవా జరక్కపోతే మళ్ళీ మొదటినుంచి. గైడు మేడమ్ తేల్చి చెప్పిందట: చూడని పుస్తకం చూసినట్టు రాయడం తప్పే, ఒప్పుకుని దిద్దుకోవచ్చు, కానీ లేని పేజీని కల్పించావంటే అది వేరే నేరం. ఆ అంకె నువ్వు కల్పించింది కాదని, ఎక్కడినుంచి వచ్చిందో రుజువుతో చూపిస్తేనే జవాబు మీద సంతకం పెడతాను. పదిహేను రోజులు టైము.

మాస్టారు లేచి చొక్కా వేసుకున్నాడు. “పద, లైబ్రరీకి. అంకె ఊరికే పుట్టదు. ఎక్కడో పుట్టింది.”

సిద్ధాంత గ్రంథాల గది మూడో అంతస్తులో. రేకు అరలు, ఒక పొడుగాటి బల్ల, మూసిన కిటికీలు. ఆ గదిలో అడుగుపెడితే మాస్టారికి ఒకప్పుడు ఛాతీ పొంగేది. అటువైపు అర మొత్తం తన చేతిదే కదా. ఇప్పుడు పొంగలేదు. పొంగలేదని గమనించి, దాని గురించీ ఏమీ అనుకోలేదు.

మేనకోడలు తాను చూసిన గ్రంథం తీసింది. పన్నెండేళ్ళ కిందటిది, ఎర్ర అట్ట. అదే వాక్యం, 214. దాని గ్రంథసూచి పట్టుకుని అంతకు ముందుది, ఆకుపచ్చ అట్ట. 214. దానికి ముందు ఇంకోటి. వాక్యం మాత్రం ఎక్కడా చెక్కుచెదరలేదు: ‘బావిలో నీరు తగ్గిన సంగతి మొదట తెలిసేది చేదతాడుకు, తాడుకు ముడివేసి ముడి కలిపిన ఆడవాళ్ళ లెక్కే అసలైన కొలత.’ ఎంత చక్కగా ఉందో! అందుకే అందరూ ఎత్తి పెట్టుకున్నారు. ఎవరూ పుస్తకం తెరవలేదు.

నాలుగో గ్రంథం తెరిచిన మేనకోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “మావయ్యా, ఇది మేడమ్‌ది.”

“ఏ మేడమ్?”

“మా గైడు మేడమ్. ఆవిడ కూడా రెండొందల పద్నాలుగే.”

“ఊరుకో. రాసుకుని పక్కన పెట్టు.”

“నన్ను గంటసేపు నిలబెట్టి తిట్టింది మావయ్యా!”

“తిట్టడానికి పుస్తకం చూసి ఉండాలని ఎక్కడా లేదు. ముందుదెక్కడ?”

ఏడోది నల్ల రెక్సిన్ అట్ట. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందటిది. మిషను మీద కొట్టింది; ‘త’ అక్షరం ఒక వెంట్రుకవాసి కిందికి దిగి పడే తన పాత మిషను. దీనికి ముందు ఇంకో గ్రంథం లేదు. ఈ పరిశోధకుడు నిజంగానే ఎక్కడికో వెళ్ళి ఆ పుస్తకం చూసి వచ్చిన మనిషి. బక్కపలచగా, ఎప్పుడూ గొడుగు పట్టుకుని తిరిగేవాడు. పోయి చాలాకాలమైంది.

మేనకోడలు బల్ల అవతలి కొసన కూర్చుని వరస రాసుకుంటోంది. మాస్టారు పేజీ తిప్పాడు. పాదసూచిక. 214. దానికి ఎదురుగా, కాగితం అంచున, ఆవగింజంత పెన్సిలు చుక్క.

ఆ చుక్క ఏమిటో చెప్పాలి. మిషను రోజుల్లో పరిశోధకులు తెచ్చే రాతప్రతిలో పేజీ అంకెల దగ్గర ఖాళీలు ఉండేవి. “రాసుకొచ్చిన నోట్సు చూసి చెబుతాను మాస్టారూ, మీరు కానివ్వండి” అనేవారు. ఖాళీ కంటబడితే గైడు సంతకం పెట్టడు. తర్వాత అంకె ఇరికిద్దామంటే చోటు చాలదు. అందుకని మాస్టారు ఆ చోట ఏదో ఒక మూడంకెల సంఖ్య కొట్టి, అంచున పెన్సిలుతో చుక్క పెట్టేవాడు. చోటు కాసేందుకు కూర్చోబెట్టింది గనక భార్యాభర్తలు దాన్ని కాపలా అంకె అనేవారు. ఆమె దగ్గర చుక్కల పుస్తకమని ఒక నోటుబుక్కు ఉండేది. ఏ గ్రంథం, ఏ పేజీ, ఎన్నో పంక్తి, ఏ కాపలా అంకె, అన్నీ రోజువారీగా అందులో ఎక్కేవి. అసలు అంకె రాగానే తెల్లరంగు పూసి దిద్దించి, చుక్క రబ్బరుతో చెరిపి, పుస్తకంలో ఆ పంక్తి కొట్టేసేది. చుక్క మిగిలిన కాగితం తమ్ముడి కుట్టుకు వెళ్ళేది కాదు. ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్కటీ వెళ్ళలేదు. అలాగని ఆయన ఆరొందల మందికి చెప్పాడు.

రబ్బరు ఇప్పటికీ చొక్కా జేబులో ఉంటుంది. వేలికి తగిలింది. తీసి ఒక్కసారి రుద్దితే చాలు.

ఆయన రబ్బరు తీయలేదు. అది మంచితనమని ఎవరూ అనుకోనక్కర్లేదు; చెయ్యి కదల్లేదు, అంతే. అట్ట మూశాడు.

“ఇదే మొదటిది,” అన్నాడు.

“మరి ఈయనకు ఎక్కడినుంచి వచ్చింది?”

“ఏమో.”

ఆయన జీవితంలో ఆ మాట వాడడం తక్కువ. మేనకోడలు ఒక్కక్షణం చూసి, రాసుకోవడంలో పడిపోయింది.

ఇంటికి వెళ్ళి మాస్టారు భార్య పెట్టె తీశాడు. ఎనిమిది నెలల్లో తీయడం అదే మొదలు. చుక్కల పుస్తకాలు పద్దెనిమిది, వరసగా, దారం కట్టి ఉన్నాయి. ఆ ఏటిది తీశాడు. గొడుగు మనిషి గ్రంథం మొదటి రెండు అధ్యాయాల చుక్కలు ఆమె గుండ్రటి చేతిరాతలో ఉన్నాయి, అన్నీ కొట్టేసి ఉన్నాయి. తర్వాతి పేజీలో తొమ్మిది తేదీలు ఉన్నాయి, ఒకదాని కింద ఒకటి, మధ్య ఖాళీ వదిలి. ఎదురుగా ఏమీ లేదు.

ఆ తొమ్మిది రోజులూ ఆమె ఆసుపత్రిలో ఉంది. బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత వాళ్ళకు పిల్లలు లేరు.

గొడుగు మనిషికి గడువు దగ్గర పడింది. మాస్టారు పొద్దున ఆసుపత్రికి వెళ్ళి, పదింటికి వచ్చి మిషను ముందు కూర్చునేవాడు. లోపలికి వెళ్ళేవాళ్ళకు గేటు దగ్గర ఇత్తడి బిళ్ళ ఇచ్చేవారు, బయటికి వచ్చేటప్పుడు ఇచ్చెయ్యాలి. ఒకరోజు ఇవ్వడం మరిచి జేబులో వేసుకుని వచ్చేశాడు. మూడో అధ్యాయంలో ఖాళీ వచ్చింది. మూడంకెలు కావాలి. బిళ్ళ బల్ల మీద ఉంది, దాని మీద నంబరు. 2, 1, 4.

ఆమె ఇంటికి వచ్చిన రెండో రోజే చుక్కల పుస్తకం అడిగింది. పడుకునే ఉండి తేదీలు వేసింది. “ఈ తొమ్మిది రోజులవీ మీరు నింపండి,” అంది. ఆయన, “ఏం మిగల్లేదు, అన్నీ చూసుకున్నాను,” అన్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు. ఆ తొమ్మిది రోజుల గురించి ఇద్దరూ మళ్ళీ మాట్లాడలేదు. పేజీ ఖాళీగా ఉండిపోయింది.

మాస్టారు పుస్తకం మూసి మంచం మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఏదో ఒకటి రావాలి కదా అని చూశాడు. రాలేదు. సాయంత్రం అన్నం వండుకుని తిన్నాడు.

మరో పది రోజులు ఆయన ఏమీ అనలేదు. మేనకోడలు జవాబు రాస్తోంది, చించుతోంది, మళ్ళీ రాస్తోంది. చివరికి తేలింది ఇది: అంకెను మొదట కల్పించినవాడు నల్ల అట్ట పరిశోధకుడు, మిగతావాళ్ళందరూ, తనతో సహా, గుడ్డిగా ఎత్తుకున్నారు. మేడమ్ అది చదివి, తన పేరు కూడా వరసలో ఉండడం చూసి, ఇంకోసారి మొదటినుంచి చదివిందట. తర్వాత అందట, “నా పేరు ఉంచు. కానీ పోయిన మనిషి కల్పించాడని రాస్తున్నావు. ఎలా తెలుసు? రుజువు లేకుండా దీని మీద సంతకం పెట్టను.”

“పోయినవాడు లేచొచ్చి కాదంటాడా?” అన్నాడు అట్టలాయన. “‘బహుశా’ అని ఒక మాట తగిలించు. బహుశా అంటే ఎవడూ ఏమీ చెయ్యలేడు. ఏం బావా?”

బావ ఇంకో కాగితం ముందుకు జరుపుకున్నాడు.

నాలుగు రోజులే మిగిలాయి. ఆ మధ్యాహ్నం మేనకోడలు కాగితాలతో వచ్చింది. “మావయ్యా, చివరిసారి చూసిపెట్టు. కళ్ళు తిరుగుతున్నాయి, నేను చదువుతా, నువ్వు చూడు.” అని అటూ ఇటూ చూసి, స్టూలు లాక్కుని కూర్చుంది. అట్టలాయన గుమ్మంలో ఆగిపోయాడు. ఎనిమిది నెలలుగా ఆ స్టూలు మీద ఎవరూ కూర్చోలేదు.

ఆ పిల్ల చదవసాగింది. ఎవరూ నేర్పలేదు, వింటూ పెరిగింది. కామా వస్తే గొంతు వంగింది. చుక్క వస్తే గోటితో బల్ల మీద టక్కుమంది.

“పై ఏడు గ్రంథాలనూ పరిశీలించగా, కామా, ఈ పేజీ సంఖ్యను, కామా, రెండు, ఒకటి, నాలుగు, కామా, బహుశా మొదట కల్పించినవారు…”

“ఆగు. అక్కడ తప్పుంది.”

“ఎక్కడ? కామానా?”

“మూలం.”

మేనకోడలు తలెత్తింది.

“మూలం తప్పు వేశావు. కల్పించింది ఆయన కాదు. ఆయన ఖాళీ ఇచ్చాడు. అంకె కొట్టింది నేను.”

“నువ్వేంటి మావయ్యా!”

“మీ అత్త ఆసుపత్రిలో ఉంది. కాపలా అంకె పెట్టాను. తియ్యలేదు. లైబ్రరీలో చుక్క ఇంకా ఉంది. ఆ రోజే చూశాను.” గొంతు ఎక్కడా మారలేదు. ముందే తెచ్చి అరలో పెట్టుకున్న చుక్కల పుస్తకం తీసి, తొమ్మిది తేదీల పేజీ తెరిచి ఆమె ముందు పెట్టాడు.

అట్టలాయన గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. “బావా, ఎవరికి కావాలిప్పుడు? ముప్ఫై ఏళ్ళ నాటి సంగతి. ఒక్క తప్పు పోలేదన్న పేరు నీది. ఈ వయసులో నీ చేత్తో నువ్వే…”

“పేరు కాదు. అంకె. అంకె ఎక్కడిదో తెలిసినప్పుడు ఇంకోచోటు చూపించకూడదు.”

“చుక్క ఉన్న కాగితం నేనెలా కుట్టానో,” అన్నాడు అట్టలాయన. “అక్కయ్య లేదు కదా ఆ రోజు చూడ్డానికి. నేనూ చూసుకోలేదు.”

“నీ పని అట్ట. నా పని అంకె.”

మేనకోడలు ఖాళీ పేజీనే చూస్తోంది. మేనత్త ఆ తొమ్మిది రోజులూ ఆసుపత్రిలో ఎందుకుందో ఆమెకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. అడగబోయి, మావయ్య ముఖం చూసి, అడగలేదు. ఆ ముఖంలో అడగడానికి ఏమీ లేదు.

మర్నాడు ముగ్గురూ మేడమ్ గదికి వెళ్ళారు. మేడమ్ లేచి నిలబడింది. ఆవిడ గ్రంథం టైపు చేసింది కూడా ఈయనే కదా. మాస్టారు కూర్చోలేదు. ఏడో తరగతి దగ్గర మొదలుపెట్టి, టైపు హయ్యరు, ఆరొందల పన్నెండు, సైన్సు ప్రొఫెసరు, అన్నీ వరసగా చెప్పి, అదే స్వరంతో ఇదీ చెప్పాడు. కాపలా అంకె, ఇత్తడి బిళ్ళ, తొమ్మిది రోజులు. అందులో ఏది గొప్ప, ఏది తప్పు అని విన్నవాళ్ళకు గొంతుబట్టి తెలిసే వీల్లేదు. చుక్కల పుస్తకం బల్ల మీద పెట్టాడు.

మేడమ్ మనిషిని పంపి నల్ల అట్ట గ్రంథం తెప్పించింది. చుక్క మీద వేలు పెట్టి చూసింది. “నేనూ ఆ పుస్తకం చూడలేదు మాస్టారూ,” అంది. “పంతొమ్మిదేళ్ళుగా పిల్లలకు పాఠం చెబుతున్నాను, మూలం చూడకుండా రాయొద్దని.”

“మీ గ్రంథంలో అది తొంభై మూడో పాదసూచిక.”

“గుర్తుందా!”

“కామా ఒకటి ఎక్కువ పడితే తీశాను. అంకె జోలికి పోలేదు.”

మేడమ్ నవ్వబోయి ఆపుకుంది. అప్పటికే ఆవిడ వేరే లైబ్రరీకి రాసి, అసలు పుస్తకంలోని పేజీ నకలు తెప్పించింది. ఆ వాక్యం ఉన్నది 41వ పేజీలో. అందరూ ఎత్తుకున్న ముక్క తర్వాత, అసల్లో ఇంకో చిన్న ముక్క ఉంది: ‘…ఆడవాళ్ళ లెక్కే అసలైన కొలత, అయితే ఆ తాళ్ళను ఎవరూ దాచలేదు.’ గొడుగు మనిషి తన అవసరానికి అక్కడ తుంచుకున్నాడు. తర్వాతివాళ్ళెవరికీ అది ఉందనే తెలియదు.

“ఇప్పుడు మిమ్మల్ని ఎలా చూపించాలి?” అంది మేడమ్. “మీరు చెప్పిందే ఆధారం. మీరు పుస్తకమూ కాదు, వ్యాసమూ కాదు.”

“వ్యక్తిగత సంభాషణ అంటారు,” అన్నాడు మాస్టారు. ఈ ఒక్కచోట మాత్రం గొంతులో పాత బిగువు వచ్చింది. “ఇంటిపేరు, కామా, పేరు, చుక్క. తర్వాత ఎవరితో మాట్లాడిందీ, తేదీ. చుక్కల పుస్తకం అచ్చు కాలేదు గనక ‘చేతిరాత, అముద్రితం’ అని విడిగా వెయ్యండి, రాసింది మా ఆవిడ గనక ఆమె పేరు మీద. నాది పాదసూచికలోనే ఉండాలి. గ్రంథసూచిలో పెట్టకూడదు. వెళ్ళి వెతుక్కుంటే దొరికేవే జాబితాలో ఉండాలి. నేను దొరకను.”

మేడమ్ రాసుకుంది. సంతకం పెట్టింది. నెలాఖరుకు మూడు రోజుల ముందు వైవా తేదీ ఖాయమైంది.

“ఏం బావా,” అన్నాడు అట్టలాయన తిరిగి వచ్చేటప్పుడు. “ఆరొందల పన్నెండు గ్రంథాల్లో ‘చక్కగా టైపు చేసినవారికి కృతజ్ఞతలు’ అని తప్ప నీ పేరు ఒక్కడూ వెయ్యలేదు. ఒక్క తప్పు చేశావు, ఇంటిపేరుతో సహా ఎక్కావు! ముందే తెలిస్తే ఏడాదికోటి చేసేవాడివి.”

“నాన్నా!”

“నవ్వుతాడేమోనని అన్నానమ్మా.”

మాస్టారు నవ్వలేదు. “ఒక్కటి కాదు,” అన్నాడు. “నీ కూతురిది కూడా నేను చూసి పంపిందే. అక్కడా అంకె వదిలేశాను.”

దిద్దిన పేజీ అచ్చు తీశాక మేనకోడలు మళ్ళీ స్టూలు మీద కూర్చుని చదివింది. ఇంజనీరు పేరు, పుస్తకం, ఏడాది. “పేజీ, నాలుగు, ఒకటి.” టక్. తర్వాతి పంక్తిలో మాస్టారి ఇంటిపేరు, కామా, పేరు. టక్. తర్వాతిది మేనత్త ఇంటిపేరు, కామా, పేరు. అక్కడ గొంతు కొద్దిగా వంగాల్సినదానికంటే ఎక్కువ వంగింది. మాస్టారు కాగితం మీదినుంచి చూపు తిప్పలేదు.

“సరిపోయిందా మావయ్యా?”

“సరిపోయింది.”

ఆ పిల్ల కాగితాలు తండ్రి చేతికి ఇచ్చింది. పక్క గదిలో సూది గుచ్చే చప్పుడు మొదలైంది.

మాస్టారు చుక్కల పుస్తకం తీసి, తొమ్మిది తేదీల పేజీ తెరిచాడు. ఏ తేదీనో ఆయనకు నిక్కచ్చిగా తెలియదు. నాలుగోదో, అయిదోదో. అయిదో తేదీకి ఎదురుగా పెన్సిలుతో రాశాడు: నల్ల అట్ట గ్రంథం, మూడో అధ్యాయం, పేజీ, పంక్తి, 214. పక్కన 41. రాసి, స్కేలు పెట్టి ఆ పంక్తిని కొట్టేశాడు. మిగతా ఎనిమిది తేదీలూ కాసేపు చూశాడు. వాటికి ఎదురుగా రాయడానికి ఏమీ లేదు.

పుస్తకాన్ని లోపల పెట్టెలో వరసలో పెట్టి, దారం కట్టి వచ్చాడు. మేనకోడలు ఇంకా స్టూలు మీదే ఉంది.

“మావయ్యా, ఇంకేమైనా ఉందా చదవడానికి?”

బల్ల మీద వేరేవాళ్ళ గ్రంథం ఒకటి ఉంది. ఎనిమిది నెలల కిందట ఒక పేజీ మధ్యలో ఆగిపోయినది. ఆ పరిశోధకుడు అడగలేక ఊరుకున్నాడు. మాస్టారు దాన్ని ఆమె వైపు జరిపి, వేలితో పంక్తి చూపించాడు.

“ఇక్కణ్ణుంచి,” అన్నాడు.